యాంటెన్నా పెంచితే హ్యాకర్ అయిపోతాడా?

మొత్తానికి మన సికింద్రాబాద్ పద్మారావు నగర్‌కూ హ్యాకింగ్ కోర్సుల యోగం పట్టింది. స్కందగిరి గుడి దగ్గర మొదలుపెట్టి గాంధీ ఆస్పత్రి వైపు నడవండి, ఒక్క కరెంటు స్తంభం ఖాళీగా కనిపిస్తే చెప్పండి. టులెట్ కాగితాలకూ, మొలల వైద్యుడి ప్రకటనలకూ చోటు లేకుండా చేసి అదే పోస్టరు: ముసుగు కుర్రాడు, వెనకాల ఆకుపచ్చ అంకెల వాన, కింద 'కిట్ ఉచితం'. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు, చూడకపోతే మీ పిల్లలు చూపించే ఉంటారు. కోర్సు సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది? నా కడుపుమంట ఆ కిట్ మీద.

కిట్ అంటే ఒక పెన్‌డ్రైవ్, ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్, పుర్రె బొమ్మతో ఒక స్టిక్కర్. ఈ మూడింటిలో చెప్పిన పని చెప్పినట్టు చేసేది స్టిక్కర్ ఒక్కటే. అంటిస్తే అంటుకుంటుంది.

నేను వైర్‌లెస్ నెట్‌వర్కులకు భద్రతా పరీక్షలు చేసి పొట్టపోసుకునేవాణ్ణి. ఆ సంగతి అపార్ట్‌మెంట్‌లో తెలిసిపోయింది కనక, ఏ ఫ్లాట్‌కి ఆ డబ్బా వచ్చినా సాయంత్రానికల్లా నా గుమ్మం ఎక్కుతుంది. "అంకుల్, వైఫై వస్తోంది గానీ హ్యాక్ అవ్వట్లేదు." వెనకాలే తండ్రి: "ఏమండీ, వారంటీ ఉందట, మార్చి ఇమ్మని అడగమంటారా?" ఏం మార్చి ఇమ్మంటారు సార్? యాంటెన్నానా, మాస్టారినా?

యాంటెన్నా అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు కుర్రాళ్ల హోదా దాన్ని బట్టే. ఒక యాంటెన్నా ఉంటే ఔత్సాహికుడు, రెండుంటే నిపుణుడు, నాలుగుంటే గురూజీ. యాంటెన్నా చేసేది సిగ్నల్‌ను కాస్త దూరం అందుకోవడం, అంతే. లోపలి చిప్‌కు చేతకాని పని మౌలాలి గుట్ట మీద టవర్ కట్టినా చేతకాదు.

చిప్‌కు చేతకావాల్సిన ఆ పని పెద్ద రహస్యమేమీ కాదు. మామూలు వైఫై కార్డు తనకు వచ్చిన ఫ్రేములే, అంటే సమాచారపు ముక్కలే తీసుకుంటుంది, పక్కవాళ్లవి వదిలేస్తుంది. పరీక్ష చేసేవాడికి కావాల్సింది మానిటర్ మోడ్. అంటే ఆ చానల్‌లో గాలిలో తిరిగే ఫ్రేములన్నీ, ఎవరివైనా సరే, పట్టి చూపించాలి. రెండోది ఇంజెక్షన్. మనం తయారు చేసిన ఫ్రేమును గాలిలోకి వదలగలగాలి. ఇందుకు చిప్, అందులోని ఫర్మ్‌వేర్, లినక్స్‌లోని డ్రైవర్, మూడూ ఒప్పుకోవాలి. ఒక్కటి మొరాయించినా మీరు కొన్నది యూట్యూబ్ చూసుకోవడానికి పనికొచ్చే మామూలు డాంగిల్. డబ్బా మీద కంపెనీ పేరుకీ, ధరకీ, యాంటెన్నాల లెక్కకీ దీంతో సంబంధం లేదు.

ఇక అసలు ప్రహసనానికి వద్దాం. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే అడాప్టర్. వైఫై పాఠం చెప్పిన ప్రతివాడూ ఏదో ఒక రోజు ఈ పేరు జపించినవాడే. జపించడానికి కారణం ఉంది. దాని మొదటి వర్షన్‌లో ఉన్నది ఆథెరోస్ ఏఆర్9271 చిప్. దాని డ్రైవర్, ఏటీహెచ్9కే_హెచ్‌టీసీ, లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. ఫర్మ్‌వేర్ సోర్స్ కూడా బహిరంగమే. గుచ్చితే చాలు, మానిటర్ మోడ్, ఇంజెక్షన్ రెండూ నడుస్తాయి. అంత మంచి వస్తువు కనకే అంత పేరొచ్చింది.

తర్వాత రెండో వర్షన్ వచ్చింది, మూడోదీ వచ్చింది. పేరు అదే, రూపం అదే. లోపల మాత్రం రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్. బయటి డ్రైవర్ వెతికి తెచ్చి, కంపైల్ చేసి, ఉన్నదాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టి కుస్తీ పడితే తప్ప ఇది ఇంజెక్షన్ మాట ఎత్తదు. ఇందులో కంపెనీని అనాల్సిందేమీ లేదు. వాళ్లు అమ్మింది ఇంట్లో ఇంటర్నెట్ వాడుకోవడానికి, ఆ పనికి రెండు చిప్పులూ సరిపోతాయి. అనాల్సింది మధ్యలో ఉన్న మహానుభావుల్ని. తాత సంపాదించిన పరువు చూపించి మనవడు బజార్లో అప్పులు పుట్టించినట్టు, మొదటి వర్షన్ కీర్తితో మూడో వర్షన్ అమ్ముకుంటున్నవాళ్లని.

పార్క్‌లేన్‌లో ఒక కంప్యూటర్ షాపు కౌంటర్ దగ్గర అడిగాను, ఇది ఏ వర్షన్ అని. "లేటెస్ట్ వర్షన్ సార్." అదే కదయ్యా నా భయం. చిప్ ఏది? "వైఫై చిప్ సార్." మానిటర్ మోడ్ వస్తుందా? "మానిటర్‌కు కూడా పెట్టుకోవచ్చు సార్, యూఎస్‌బీ ఉంటే చాలు." దండం పెట్టి వస్తుంటే వెనక నుంచి చివరి అస్త్రం: "పక్కా హ్యాకింగ్ అయితది సార్, పొద్దుగాల నుంచి ఐదు పోయినయ్!" ఐదు పోయాయంటే ఐదిళ్ల నుంచి నా గుమ్మం ఎక్కబోతున్నారన్నమాట.

ఆన్‌లైన్‌లో కొంటే ఇంకా బాగుంటుంది. "ఇది వీ1 యేనా?" అని ఒకడు అడుగుతాడు. అవునని ఒకరు, కాదని ఒకరు, "తెలీదండీ, మా తమ్ముడి పుట్టినరోజుకి కొన్నా" అని ఇంకొకరు. ప్రశ్న అడిగినవాడు మెజారిటీని బట్టి ఆర్డర్ పెడతాడు. చిప్‌ను ఓటింగుతో తేల్చే ఘనత మనదే.

నిజానికి తేల్చడం అర నిమిషం పని. అడాప్టర్ గుచ్చి, లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టాలి. 0సీఎఫ్3:9271 అని వస్తే మొదటి వర్షన్. 2357:010సీ అని వస్తే తర్వాతది. ఐడబ్ల్యూ లిస్ట్ అని కొడితే ఆ కార్డుకు ఏయే మోడ్‌లు వచ్చో వరసగా చెబుతుంది, అందులో మానిటర్ ఉందో లేదో కనిపిస్తుంది. వైఫై పరీక్షలకు వాడే ఎయిర్‌క్రాక్ సామగ్రిలో ఇంజెక్షన్ పరీక్షకు వేరే ఆప్షనే ఉంది, మీ ఇంటి రౌటర్ మీదే చూసుకోవచ్చు. ఈ మూడు ముక్కలూ క్లాసులో మొదటి గంటలో చెప్పేయొచ్చు. చెప్పరు. చెబితే రెండో గంటకి కిట్లన్నీ టేబుల్ మీదికి తిరిగొస్తాయి.

పోనీ, పాతసామాన్లలో గాలించి అసలు సిసలు మొదటి వర్షనే పట్టాడనుకుందాం. అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వింటుంది. ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన రౌటర్లు మా వీధిలో సగం 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తున్నాయి. అవి ఆ మహా కార్డుకు కనపడనే కనపడవు. "అంకుల్, మన బిల్డింగ్‌లో చాలామంది వైఫై మానేసినట్టున్నారు" అన్నాడొక శిష్యుడు!

మిగతా వింతలకు తలా ఒక వాక్యం చాలు. వర్చువల్ బాక్స్‌లో, భద్రతా పరీక్షల సామగ్రితో వచ్చే కాలీ లినక్స్ వేస్తే ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు దానికి వైరు కనెక్షన్‌లాగే కనిపిస్తుంది, మానిటర్ మోడ్ అడిగి లాభం లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ చిప్ ఉంటుంది, కంపెనీ ఇచ్చే డబ్ల్యూఎల్ డ్రైవర్‌తో దాన్ని ఈ పనికి నమ్ముకుంటే అంతే సంగతులు. ఆర్‌టీఎల్8812ఏయూ మంచి చిప్పే, కానీ ఏళ్ల తరబడి దాని డ్రైవర్ కెర్నెల్ బయటే ఉండిపోయింది. గురువారం క్లాసులో నడిచింది, శుక్రవారం సిస్టం అప్‌డేట్‌తో కెర్నెల్ మారింది, శనివారం కార్డు మాయం. మాస్టారి రోగనిర్ధారణ: "వైరస్ పడ్డట్టుంది." ఇక ఆ కాలీ తయారుచేసినవాళ్లే లినక్స్‌కు కొత్తవాళ్లకు ఇది తగదని తమ పత్రాల్లో రాసుకున్నారు. మన పోస్టర్ మీదేమో 'కంప్యూటర్ పరిజ్ఞానం అక్కర్లేదు'.

బొలీవియా సంగతి మాత్రం వాక్యంలో తేలదు. కార్డు పవర్ పెంచడానికి ఒక చిట్కా నేర్పిస్తున్నారు. సిస్టంలో దేశం ఇండియా తీసేసి బొలీవియా పెట్టాలట. పద్మారావు నగర్‌లో మూడో అంతస్తులో కూర్చుని నేను బొలీవియాలో ఉన్నానని ప్రకటించుకోవాలి! వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు, పిల్లాడు భోజనానికి మళ్లీ సికింద్రాబాద్ వచ్చేస్తాడు. లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగానికి 2018లోనూ కేంద్రం ఇచ్చిన మినహాయింపు పవర్ హద్దులకు లోబడినదే. పైగా చాలా కార్డుల్లో ఆ హద్దు చిప్‌లోనే రాసి ఉంటుంది, బొలీవియా అన్నా బోయిగూడ అన్నా కదలదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక నవ్వేది లేదు.

మొన్న మా ఫ్లాట్స్‌లో ఒక పిల్లాడు, ఇంటర్ కూడా పూర్తి కాలేదు, వాళ్ల మాస్టారు ఇచ్చిన హోంవర్క్ చూపించాడు. 'మీ చుట్టుపక్కల మూడు నెట్‌వర్కులను డిస్‌కనెక్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపండి.' ఎవరి నెట్‌వర్కులు? కింది ఫ్లాట్‌లో ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే అమ్మాయివి, ఎదురింట్లో అమెరికా కొడుకుతో వారానికోసారి వీడియోలో మాట్లాడుకునే ముసలాయనవి. వాళ్లను ఎవరైనా అడిగారా? సంతకం తీసుకున్నారా? అనుమతి లేకుండా చేసేదాన్ని పరీక్ష అనరు. దొంగతనం అంటారు, దౌర్జన్యం అంటారు. ఆ తేడా తెలియనివాడు సెక్యూరిటీ పాఠం చెప్పడానికి సిగ్గుపడాలి. తెలిసీ చెబుతున్నవాడైతే వాడికి సిగ్గనేదే లేదు.

సమాచార సాంకేతిక చట్టం, 2000. 43వ సెక్షన్ చదవండి. యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్కులోకి చొరబడడం, దానికి అంతరాయం కలిగించడం అందులోనే ఉన్నాయి. దురుద్దేశంతో గానీ మోసపూరితంగా గానీ చేస్తే 66వ సెక్షన్: 3 ఏళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చిలకలగూడ స్టేషన్ మెట్లెక్కాల్సి వచ్చేది మాస్టారికి కాదు. పిల్లాడికి, వాడి వెనకాల చేతులు కట్టుకుని నిలబడే తండ్రికి. ఆ తండ్రి వాయిదాల్లో ఫీజు కట్టాడు, ఉద్యోగం గ్యారంటీ అని ఎవడో అంటే నమ్మాడు. అలాంటి ఇంటి డబ్బుతో ఆడుకోవడానికి మీకు చేతులెలా వచ్చాయి?

పోనీ ఆ నేర్పించేదైనా నిలిచే విద్యా? ఆ హోంవర్క్‌లో కనెక్షన్ తెంపడానికి వదిలే నకిలీ ఫ్రేములకు అడ్డుకట్ట 802.11డబ్ల్యూ ప్రమాణంతో 2009లోనే వచ్చింది. 2018లో ప్రకటించిన వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ3లో ఆ రక్షణ తప్పనిసరి. రౌటర్లు మారేకొద్దీ మీ హోంవర్క్ మూలపడుతుంది. పిల్లాడి చేతిలో మిగిలేది స్టిక్కర్.

నిజంగా ప్రమాదం ఎక్కడుందో చెప్పనా? ఫైబర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు మీ మొబైల్ నంబరే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి పోయాడు, మీరు దాన్ని ఇప్పటికీ మార్చలేదు. పది అంకెలు, అందులో మొదటిది 6కీ 9కీ మధ్య. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది గంటల్లో తెమిలే లెక్క. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బాలోంచి వచ్చినప్పటిదే. పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ ఆన్‌లోనే ఉంది. ఇవి సరిచేయడానికి యాంటెన్నా అక్కర్లేదు, ముసుగు అక్కర్లేదు, పది నిమిషాల తీరిక చాలు. ఈ మాట రీల్‌లో పెడితే ఎవడూ చూడడు కాబట్టి ఎవడూ పెట్టడు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలకు ఒక మాట. ముందు లినక్స్ నేర్చుకోండి, వైఫై ఎలా నడుస్తుందో చదువుకోండి. కార్డు కొనాల్సిన రోజు వచ్చినప్పుడు పేరు చూడకండి, చిప్ చూడండి. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉన్న చిప్ చూసుకోండి. రెండు బ్యాండ్లూ కావాలంటే మీడియాటెక్ ఎంటీ7612యూ ఉంది, దాని డ్రైవర్ 2018లో 4.19 కెర్నెల్‌తోనే వచ్చింది. ఇంకా కొత్తది కావాలంటే ఎంటీ7921ఏయూ, 2022 నాటి 5.18 కెర్నెల్ నుంచి. కొన్నాక మీ ఇంటి రౌటర్ మీదే పరీక్షించండి. ఇంకొకరి నెట్‌వర్కు ముట్టాలంటే ఏ నెట్‌వర్కు, ఏ తేదీ, ఎంతవరకు అని రాసిన కాగితం మీద యజమాని సంతకం ఉండాలి. మా పనిలో అన్నిటికంటే ఖరీదైన సామాను ఆ కాగితమే.

తల్లిదండ్రులకూ ఒక మాట. చిప్ నంబరు చెప్పలేనివాడి దగ్గర కొనకండి. అనుమతి కాగితం గురించి మొదటి రోజే చెప్పనివాడి దగ్గర పిల్లల్ని చేర్చకండి. చేర్చేసి ఉంటే ఫీజు వెనక్కి అడగండి.