ముప్పై తొమ్మిది శాతం జాతకం

గ్రహబలం అంటే ఏమిటో తెలియడానికి పంచాంగం అక్కర్లేదు, ఎన్నికల ఫలితాల పట్టిక చాలు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వచ్చాయి. దక్కిన సీట్లు 175కి 23. 2024లో వైసీపీకి వచ్చిందీ ఆ 39 శాతమే. దక్కినవి 11. మధ్యలో 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కీ 39 శాతమే వచ్చింది. అక్కడ మాత్రం 119కి 64 సీట్లు, పైగా ముఖ్యమంత్రి కుర్చీ! ఒకే మార్కులు తెచ్చుకున్న ముగ్గురిలో ఒకడు క్లాసు ఫస్టు, ఇద్దరు ఫెయిలు. పక్కవాడికన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, సీటు నీదే అనే మన పద్ధతి మహిమ ఇది.

అందుకే ఓడిన ప్రతి పార్టీలోనూ ఓ రాజ్యాంగ నిపుణుడు పుడతాడు. దామాషా పద్ధతి రావాలంటాడు. మళ్లీ గెలిచిన మర్నాడే ఆ జబ్బు నయమవుతుంది.

సరే, మార్చే చూద్దాం. దామాషాలో పార్టీ ఓ జాబితా ఇస్తుంది, వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పైనుంచి సీట్లు పంచుతారు. మన జాబితాలో ఒకటో పేరు అధినేతది, రెండోది కొడుకుది, మూడోది అల్లుడిది, నాలుగోది కాంట్రాక్టరుది. జెండా మోసిన కార్యకర్త వంతు వచ్చేసరికి కాగితం అయిపోతుంది. ఇజ్రాయెల్‌లో ఉన్నది ఈ పద్ధతే. 3.25 శాతం ఓట్లు దాటితే పార్లమెంటులో చోటు. ప్రభుత్వాలు నిలబడక 2019, 2022 మధ్య అక్కడ ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి. మన ఫ్లెక్సీలవాళ్లకీ, బిర్యానీ హోటళ్లకీ ఇంతకన్నా మంచి రాజ్యాంగ సవరణ ఏముంటుంది?

పోనీ, ప్రాధాన్య ఓటు? పేర్ల పక్కన 1, 2, 3 అని వేసుకుంటూ పోవాలి. ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగువాణ్ని తీసేసి, అతని ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. రాష్ట్రపతి ఎన్నిక ఇలాగే జరుగుతుంది. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నది ఇందిరమ్మ. మొదటి లెక్కలో ఎవరూ గట్టెక్కలేదు. తర్వాతి ప్రాధాన్యాలు కలిపాక ప్రత్యర్థి వి.వి.గిరి గారు 4,20,077తో గెలిచారు, రెడ్డి గారు 4,05,427 దగ్గర ఆగిపోయారు. అంతరాత్మకు రెండో ప్రాధాన్యం కూడా ఉంటుందని దేశానికి తెలిసింది అప్పుడే.

దామాషాకు విస్తృతమైన అక్షరాస్యత ఉండాలని అంబేద్కర్ 1949 జనవరిలో రాజ్యాంగ సభలో అన్నారు. ఇప్పుడది బోలెడుందిగా! 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 93 మంది నిలబడ్డారు. అక్కడా ప్రాధాన్య ఓటే. దినపత్రికంత బ్యాలెట్టు, దాన్ని మడిచి పెట్టెలో దూర్చడమే ఓ పీజీ. సిబ్బంది ఇచ్చిన ఊదారంగు స్కెచ్‌పెన్నుతో నచ్చినవారి పక్కన '1' అంకె వేస్తే చాలు. టిక్కు పెట్టకూడదు, సంతకం చేయకూడదు. డిగ్రీ ఉన్నవాళ్లే ఓటేసిన ఆ ఎన్నికలో ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అంబేద్కర్ అక్షరాల గురించే బెంగపడ్డారు, అంకె దగ్గర బోల్తా పడతామని ఊహించలేదు.

ఇక మిగిలింది ఆమోద ఓటు. నచ్చినవాళ్లందరికీ వేయొచ్చు, ఎక్కువమంది సరేనన్నవాడు గెలుస్తాడు. మన ఓటరు నీతికి ఇది అతికినట్టు సరిపోతుంది. ఇద్దరి కవర్లూ పుచ్చుకుని ఒక్కరికే వేసి, రెండోవాడు ఎదురైతే సందు తిరిగిపోయే అవస్థ తప్పుతుంది. ఎవరి బాకీ వాళ్లకు తీర్చేసి దర్జాగా బయటికి రావచ్చు.

అయినా ఈ తంటాలన్నీ మనకెందుకు? ఐర్లాండులో ఓటు ఒక అభ్యర్థి దగ్గర్నుంచి ఇంకొకరికి బదిలీ అవుతుంది. మనవాళ్లు ఓటుకు ఆ శ్రమ ఇవ్వరు. గెలిచాక తామే బదిలీ అవుతారు. 2014లో గెలిచిన వైసీపీ ఎమ్మెల్యేల్లో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. 2018లో గెలిచిన తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది ఆరు నెలలకే టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. కాబట్టి ఏ పద్ధతి తెచ్చినా చివరి రౌండు లెక్కింపు అధికార పార్టీ పెద్దాయన ఇంటి హాల్లో, కండువాలతో జరుగుతుంది. ఓటర్ల తరఫు ఏజెంట్లకు అక్కడ ప్రవేశం లేదు.