వాగుకు ఎల్పీ నంబరు ఉందా?

వరదను కొలవడానికి మా మెట్టలో లోకంలో ఎక్కడా లేని కొలమానం ఒకటుంది. దాని పేరు లారీ. ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కిందనగానే టీవీ వాళ్లు క్యూసెక్కులు వల్లిస్తారు గానీ నందిగామలో ఎవరూ ఆ లెక్క చెవిన పెట్టరు. "లారీలు ఎందాకా ఆగినయ్?" అనే అడుగుతారు. 2023 జూలై చివర్లో ఆగినయ్. 2024 సెప్టెంబర్ 1న మళ్లీ ఆగినయ్. ఆ రోజు జగ్గయ్యపేట వైపు గరికపాడు దగ్గర పాలేరు కూడా నేనేం తక్కువ తిన్నానా అంటూ రోడ్డు మీదికొచ్చింది. ఇటు మున్నేరు, అటు పాలేరు, మధ్యలో పులిహోర పొట్లాలు.

పెద్ద ఏళ్ల సంగతి ఫర్వాలేదు, వాటికి సర్కారు దగ్గర పరపతి ఉంది. మున్నేరుకు కీసర దగ్గర, వైరాకు మధిర దగ్గర, పాలేరుకు వంతెన దగ్గర కేంద్ర జల సంఘం కొలత కేంద్రాలున్నాయి. అక్కడ స్కేలుంది, లెక్క రాసే పుస్తకముంది. అయితే మున్నేరు కీసరలో పుట్టలేదుగా! గుట్టల పాదాల నుంచి, పత్తి చేల గట్ల వెంట, చెరువు అలుగుల కింద నుంచి వచ్చే పిల్లవాగులన్నీ కలిస్తేనే అది ఏరు. ఆ పిల్లవాగులకు స్కేలు లేదు, పుస్తకం లేదు, చాలావాటికి పేరు కూడా లేదు. 'సుబ్బయ్యగారి చేను పక్క వాగు' అంటారు. సుబ్బయ్యగారు చేను అమ్ముకున్న రోజున ఆ పేరు కూడా రిజిస్ట్రేషన్ అయిపోతుంది.

కాస్త పెద్ద వాగైతే గ్రామ పటంలో ఒక గీత, అడంగల్‌లో 'వాగు పోరంబోకు' అన్న హోదా, 2002 నాటి వాల్టా చట్టం నీడ దక్కుతాయి. అంతకన్నా చిన్నవి పట్టా భూమిలోంచే పారతాయి. కాగితం మీద అక్కడ ఉన్నది చేను మాత్రమే. కాబట్టి దాన్ని పూడిస్తే వాగు పూడ్చినట్టు కాదు, చేను చదును చేసినట్టు. హతుడికి ఆధార్ కార్డు లేదు కనుక హత్య జరగలేదు. 2022 ఏప్రిల్ 4న మేమంతా కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాం, కాగితాలన్నీ మార్చుకున్నాం. పిల్లవాగుకు ఆ తిప్పలే లేవు.

హైవే పక్కన ఒక వెంచర్ చూడ్డానికి వెళ్లాను. పేరు చెప్పను, చెప్పినా మీకు నలభై వెంచర్లు గుర్తొస్తాయి. మార్కెటింగ్ కుర్రాడు ఎండలో గొడుగు పట్టి మరీ తిప్పాడు.

"బాబాయ్ గారూ, ఈశాన్యంలో వాగు చూడండి. పారే నీరు! ఇంతకన్నా వాస్తు ఏముంటది?"

"ఎప్పటికీ ఉంటుందా నాయనా?"

"ఎక్కడికి పోద్దండీ! ఫేజ్ టూలో సెట్ చేసేస్తారు."

సెట్ చేయడమంటే ఏమిటో ఫేజ్ వన్ చివర కనిపించింది. పది గజాల వెడల్పున పారే వాగును రెండడుగుల హ్యూమ్ పైపులో దూర్చి, పైన ఎర్రమట్టి తోలి, గేటు కట్టారు. పైపు మూతి దగ్గర తుమ్మకంప, ఖాళీ సిమెంటు బస్తా, ఫ్లెక్సీ పేలిక ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఫ్లెక్సీ మీద భార్యాభర్తలిద్దరూ సొంతింటి ముందు నవ్వుతున్నారు, నడుముల దాకా బురద. ఇలా పైపులో పెట్టడానికి అనుమతి ఉందా అని మేనేజరును అడిగాను.

"మా వెంచర్‌కి ఎల్పీ నంబరుందండీ. వాగుకుందా?" అన్నాడాయన.

ఎల్పీ అంటే లేఅవుట్ అనుమతి. వాగుకు లేదు. ఒప్పుకోక తప్పలేదు.

చిన్న లెక్క వేద్దాం. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల పైమాట. పదెకరాల వెంచర్ మీద పది సెంటీమీటర్లు పడితే 40 లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 800. అదే నల్లరేగడి చేనైతే తొలకరిని నెర్రెల్లోకి తాగేస్తుంది. నానాక రేగడి కూడా నీటిని వదిలేస్తుందనుకోండి, అదేమీ పుణ్యమూర్తి కాదు. అయినా గట్టూ పైరూ పట్టి ఆపి, మెల్లగా సాగనంపుతాయి. గ్రావెల్ పోసి, రోలర్ తిప్పి, సీసీ రోడ్లేసి, డ్రైన్లు కడితే 800 ట్యాంకర్లూ దాదాపు ఒకేసారి ఆ పైపు దగ్గరికొస్తాయి. అక్కడ టోకెన్ల పద్ధతి లేదు. నేలలోకి ఇంకాల్సింది ఇంకలేదు గనక మే నెలలో బోరు గురకపెడుతుంది. వానాకాలంలో ఉచితంగా సాగనంపిన ట్యాంకర్లనే ఎండాకాలంలో ఒక్కొక్కటిగా డబ్బిచ్చి పిలిపించుకోవాలి. దీనికి నెలనెలా మెయింటెనెన్స్ చార్జీ అదనం.

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో క్లార్క్స్‌బర్గ్ అని ఒక ఊరుంది. అక్కడ పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతుంటే పిల్లవాగుల్లో కొలత పరికరాలు పెట్టారు. ఇళ్లొచ్చే చోట వాగు ఒకటి, పోలిక కోసం అడవిలో వదిలేసిన వాగు ఒకటి. వాన పడ్డాక నీరు ఎంతసేపట్లో పెరిగింది, గట్టు ఎంత కోసుకుపోయింది అని ఏళ్ల తరబడి రాశారు. అంతటితో ఊరుకోక రాళ్లెత్తి వాటి కింది పురుగుల్ని కూడా లెక్కపెట్టారు. నీరు చెడితే కొన్ని జాతులు అందరికన్నా ముందు మాయమవుతాయి మరి. వాన నీటిని అక్కడికక్కడే ఇంకించే ఏర్పాట్లు బాగా చేసిన చోట కూడా వాగు పూర్తిగా పాత వాగులా మిగల్లేదని తేలింది. బాగుపడలేదని చెప్పడానికైనా వాళ్ల దగ్గర కాగితం ఉంది.

పురుగులు లెక్కపెట్టడం ఒక ఉద్యోగమా అని నవ్వకండి. లింగాకర్షక బుట్టలో ఎన్ని గులాబీ పురుగు రెక్కల పురుగులు పడ్డాయో చూసుకుని మందు కొట్టే పత్తి రైతులు మన దగ్గరున్నారు. విద్య మన ఊళ్లోనే ఉంది, వాగుకే వర్తించలేదు.

మైలవరం కొండల్లోని వాగుల చలవే బుడమేరు. ఎండాకాలంలో దాటితే చెప్పు తడవదు. 2024 సెప్టెంబరులో వెలగలేరు దిగువన మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగాక, బెజవాడ వాళ్లు సెల్‌ఫోన్లో మ్యాపు తెరిచి బుడమేరు ఎక్కడ పుడుతుందో వెతుక్కున్నారు, పడవల్లో కూర్చుని. ఆ వానకు ఏ వాగూ ఆగేది కాదు, నిజమే. కానీ అందులో వాన వాటా ఎంత, మన వాటా ఎంత అని విడదీయాలంటే పైన పిల్లవాగుల దగ్గర పాతికేళ్ల లెక్క ఉండాలి. లేదు గనక మొత్తం నింద వరుణదేవుడి ఖాతాలో రాసేశాం. ఆయన రిజాయిండర్ పంపడు.

అందుకే మా పంచాయతీ పెద్దలకు ఒక మనవి చేసుకున్నాను. వాగు మీద కల్వర్టు గోడకు అడుగులూ అంగుళాలూ పెయింటు వేయిద్దాం, హైస్కూల్ ఆవరణలో రెయిన్‌గేజి పెడదాం, పిల్లలు రోజూ చూసి రాస్తారు. ఖర్చంతా ఒక డబ్బా పెయింటు, ఒక బ్రష్షు, ఒక నోటుపుస్తకం.

పెద్దలు ఆలోచనలో పడ్డారు. "ఇంత చిన్న పనికి టెండరేం పిలుస్తామండీ? టెండరు లేకపోతే బిల్లెట్లా పెడతాం?" అన్నారొకరు. శిలాఫలకం పెట్టడానికి కల్వర్టు గోడ చాలదన్నారు ఇంకొకరు. చివరికి పని మంజూరైంది, ప్రారంభోత్సవం మాత్రం వచ్చే ఏప్రిల్‌లో. వానల్లో జనం రారట. ఏప్రిల్‌లోనైతే షామియానా వాగులోనే వేయొచ్చు, రెండొందల కుర్చీలు పడతాయి. కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు వెంచర్ వాళ్లే ఇస్తామన్నారు.