ఐదు ఓట్ల తేడా: ఒక ఓటు పెట్టె ఆత్మకథ

సిగరెట్టు కంపెనీల తరఫున పైరవీ చేసేవాళ్ళెవరూ నన్ను ముట్టుకోలేదు. వాళ్ళకు ఇక్కడికి ప్రవేశం లేదు. నేనుండేది అమెరికా ప్రతినిధుల సభలో. ఒక కుర్చీ వీపుకు బిగించిన చిన్న ఓటు పెట్టెను. సభ్యుడు నాలో కార్డు దూర్చి మీట నొక్కుతాడు. ఒప్పుకుంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, ఎటూ చెప్పను, సభలో ఉన్నానంతే అంటే పసుపు. స్పీకర్ వెనకాల, పత్రికలవాళ్ళ గ్యాలరీ పైన గోడ మీద అతని పేరు పక్కన ఆ రంగు దీపం వెలుగుతుంది. ఈ పద్ధతి 1973 జనవరిలో మొదలైంది. అంతకుముందు గుమాస్తా నాలుగు వందల ముప్పై అయిదు పేర్లూ ఒక్కొక్కటిగా పిలవాల్సి వచ్చేది. మేం వచ్చాక మామూలుగా పదిహేను నిమిషాల్లో ఓటింగు ముగుస్తోంది.

పైరవీకారుడు బయటే ఆగిపోతాడు. అతని మాట మాత్రం సభ్యుడి నోట లోపలికి వచ్చేస్తుంది. ఓటు వేయడానికి వచ్చినవాళ్ళు నా చుట్టూ నిలబడి మాట్లాడుకుంటారు. ఎవరు తమంతట తాము ఆలోచించుకుని వచ్చారో, ఎవరు ఇంకొకరు అందించిన వాక్యం మోసుకొచ్చారో కొన్నేళ్ళకు నాకు తెలిసిపోయింది. ఒకే వాక్యం అవే పదాలతో, అదే వరుసలో మూడు రాష్ట్రాలవాళ్ళ నోట మూడు యాసల్లో వినిపించిందంటే దాని పుట్టిల్లు ఒకటే. 1987 వేసవిలో, విమానాల్లో పొగ తాగడం నిషేధించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అలాంటివి చాలా విన్నాను. విమానంలో గాలి ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుందన్నారు. పక్కవాడి పొగతో జబ్బు వస్తుందని ఇంకా రుజువు కాలేదన్నారు. నిషేధం పెడితే జనం బాత్రూంలో దొంగచాటుగా కాలుస్తారని, విమానం తగలబడుతుందని భయపెట్టారు. ఇవాళ విమానంలో వద్దన్నవాళ్ళు రేపు ఇంట్లోనూ వద్దంటారన్నారు.

ఆ రోజుల్లో ప్రతి సీటు చేతికీ ఒక యాష్ ట్రే ఉండేది. విమానం గాల్లోకి లేచి, తలమీది ‘పొగ తాగరాదు’ దీపం ఆరగానే అగ్గిపుల్లలు వెలిగేవి. 1973లో, అప్పట్లో విమాన సంస్థలను నియంత్రించే సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు పొగ తాగనివాళ్ళకు వేరే వరుసలు కేటాయించాలని ఉత్తర్వు ఇచ్చింది. వరుసలు వేరయ్యాయి గానీ గాలి వేరు కాలేదు. వంటింట్లో ఒక మూల ఎండుమిరపకాయలు మాడుస్తూ ఇంకో మూల కూర్చున్నవాళ్ళను దగ్గొద్దంటే ఎలా? పైగా ఇంధనం ఆదా చేయడానికి అప్పటి కొత్త జెట్ విమానాలను క్యాబిన్ గాలిలో చాలా భాగం మళ్ళీ మళ్ళీ తిప్పి వాడుకునేలా తయారుచేసేవారు. వెనక వరుసల పొగ ముందు వరుసలకు చేరడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

1986లో జాతీయ సైన్సు అకాడమీ తరఫున ఒక నిపుణుల కమిటీ విమానం లోపలి గాలిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. దేశంలో తిరిగే అన్ని ప్రయాణికుల విమానాల్లోనూ పొగ తాగడం ఆపేయమంది. ఆ ఏడాది చివర్లోనే, ప్రజారోగ్యంపై సర్కారు తరఫున మాట్లాడే సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్, పక్కవాళ్ళ పొగ పీల్చినా ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని సర్కారు నివేదికలో తేల్చి చెప్పాడు. కాబట్టి మరుసటి ఏడు నా ముందు నిలబడి ఇంకా రుజువు కాలేదన్నవాళ్ళకు కాగితం అందలేదనుకోను. అంది ఉంటుంది. బాత్రూం మంటల వాదనకూ జవాబు అప్పటికే ఉంది. 1973 జులైలో పారిస్ దగ్గర వరిగ్ సంస్థ విమానం వెనక బాత్రూంలో మంట రేగి 123 మంది చనిపోయారు. ప్రయాణికుడి అజాగ్రత్త కారణం కావచ్చని అనుమానించారు. అప్పుడు విమానంలో నిషేధమేమీ లేదే! 1983లో ఎయిర్ కెనడా విమానంలో మంటలకు 23 మంది బలైన తరువాత బాత్రూముల్లో పొగను పసిగట్టే యంత్రాలు తప్పనిసరి చేశారు. దొంగచాటుగా కాల్చేవాణ్ణి పట్టుకునే సాధనం ముందే వచ్చేసిందన్నమాట.

నన్ను ఎక్కువగా కదిలించింది ఎయిర్ హోస్టెస్‌ల మాట. నేను వాళ్ళను చూడలేదు. కమిటీల ముందు వాళ్ళు చెప్పుకున్నది సభ్యులు ఇక్కడ ప్రస్తావిస్తుంటే విన్నాను. ప్రయాణికుడు రెండు గంటలు ఓర్చుకుని దిగిపోతాడు. వాళ్ళు దిగేది ఇంకో విమానం ఎక్కడానికే. పొగ వరుసల మధ్యే ట్రేలు పట్టుకుని నడవాలి. కళ్ళు మండినా నవ్వాలి. ఇంటికి వెళ్ళినా జుట్టులో, యూనిఫాంలో అదే కంపు. గర్భంతో ఉన్నవాళ్ళకూ మినహాయింపు లేదు. ఆఫీసులో కూర్చునే మనిషైతే కిటికీ తెరుచుకుంటాడు, లేదంటే బయటికి వెళ్ళి నిలబడతాడు. ముప్పై వేల అడుగుల ఎత్తున ఆ వీలెక్కడిది? విమాన సిబ్బంది సంఘం ఏళ్ళ తరబడి ఈ మాటే చెబుతూ వచ్చింది. క్యాన్సర్ సొసైటీ, లంగ్ అసోసియేషన్, హార్ట్ అసోసియేషన్ ఒక కూటమిగా ఏర్పడి వాళ్ళకు తోడు నిలిచాయి.

అవతలి పక్షాన టుబాకో ఇన్‌స్టిట్యూట్. సిగరెట్టు కంపెనీలు 1958లో పెట్టుకున్న సంస్థ. దాని చేతిలో డబ్బుంది, మర్యాదగా మాట్లాడే మనుషులున్నారు. అప్పట్లో సభ్యులను పిలిచి ఓ ఉపన్యాసం చెప్పించుకుని గౌరవ పారితోషికం ఇవ్వడం చట్టబద్ధమే. ఒక్కో ఉపన్యాసానికి 2,000 డాలర్ల దాకా. పొగాకు సంస్థలు ఈ పద్ధతిని బాగా వాడుకున్నాయి. ఇది నాకెప్పుడూ మింగుడుపడలేదు. పగలంతా పొగలో నిలబడి దగ్గే మనిషికీ, ఫలహారం పెట్టి చెక్కు ఇచ్చే మనిషికీ ఒకే సభ్యుడి దగ్గర ఒకే విలువైన అయిదు నిమిషాలు దొరుకుతాయని ఎలా అనుకోవడం? సభ్యులు ఈ పారితోషికాలు పుచ్చుకోకూడదన్న చట్టం 1991లో గానీ అమల్లోకి రాలేదు.

ఎరుపు మీట నొక్కినవాళ్ళందరూ డబ్బు కోసమే నొక్కారని మాత్రం అనను. ఉత్తర కరొలైనా, కెంటకీ, వర్జీనియాల నుంచి వచ్చినవాళ్ళ వెనక పొగాకు మీదే బతికే ఊళ్ళున్నాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వర్జీనియా పొగాకు వేసి, బ్యారన్ల దగ్గర రాత్రుళ్ళు మేలుకుని ఆకు కాల్చే రైతులను ఎరిగినవాళ్ళకు ఆ సభ్యుల ఇబ్బంది అర్థమవుతుంది. అయితే రెండు గంటలపాటు విమానంలో సిగరెట్టు వెలిగించకపోతే రైతు మునిగిపోతాడా? ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర నిలబడ్డవాళ్ళెవరూ సూటిగా జవాబు చెప్పలేదు. కంపెనీల అసలు భయం వేరు. విమానంలో తప్పంటే హోటల్లో, ఆఫీసులో, బస్సులో కూడా తప్పేనని జనం అనుకుంటారు. ఆ భయం నిజమేనని తరువాతి చరిత్ర చెప్పింది.

ఇలినాయ్ నుంచి డిక్ డర్బిన్ అనే సభ్యుడు ఉండేవాడు. తండ్రి రోజుకు రెండు పెట్టెలు కాల్చేవాడు. యాభై మూడేళ్ళకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అప్పుడు డర్బిన్‌కు పద్నాలుగేళ్ళు. పొగ వరుసలో సీటు పడ్డ ఒక రోజు, మార్చమని విమానాశ్రయంలో అడిగితే కౌంటర్లో ఉన్నామె టికెట్టు మీద అతని హోదా చూసి, తానేమీ చేయలేనని, చేయగలిగింది అతనేనని అన్నదట. ఈ సంగతి ఆయన తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడు. రెండు గంటల్లోపు విమానాల్లో పొగ నిషేధిస్తూ రవాణా శాఖ ఖర్చుల బిల్లుకు సవరణ తెచ్చాడు. ఖర్చుల బిల్లులో ఇలాంటివి పెట్టకూడదని నిబంధన అడ్డొస్తుంది. ఆ అడ్డు తొలగించగల రూల్స్ కమిటీ అధ్యక్షుడు, ఫ్లోరిడాకు చెందిన వృద్ధ సభ్యుడు క్లాడ్ పెప్పర్ దారి ఇచ్చాడు. ఆయన భార్య క్యాన్సర్‌తోనే పోయింది. రెండు పార్టీల నాయకత్వమూ డర్బిన్‌కు ఎదురే.

1987 జులై 13 సోమవారం. వారాంతం సొంత ఊళ్ళలో గడిపి, విమానాలు దిగి వచ్చినవాళ్ళు చాలామంది. ఈ సభ్యులంత తరచుగా విమానమెక్కే ప్రయాణికులు అరుదు. శుక్రవారం ఇంటికి, సోమవారం రాజధానికి. పైరవీ సంస్థ ఎంత చక్కటి కాగితం చేతిలో పెట్టినా, ఆ ఉదయం పీల్చిన గాలి గొంతులో ఉంది. పెట్టెల ముందు వరుసలు కట్టారు. నా దగ్గరికి వచ్చిన వేళ్ళలో కొన్ని తడబడకుండా ఆకుపచ్చ నొక్కాయి, కొన్ని ఎరుపు నొక్కాయి, ఒకటి రెండు కాసేపు గాల్లోనే ఆగాయి. గోడ మీద అంకెలు పక్కపక్కనే ఎగబాకాయి. గడువు ముగిసింది. అనుకూలం 198, వ్యతిరేకం 193.

అయిదు ఓట్లు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. దానితోపాటు ఒక బాధా ఉంది. ఓటేసేవాడే ప్రయాణికుడూ కావడం వల్ల ఆ అయిదు ఓట్లు వచ్చాయి. ఎయిర్ హోస్టెస్‌ల దగ్గు ఒక్కటే అయితే వచ్చేవా? వచ్చేవి కావని నా నమ్మకం. గనుల్లో దుమ్ము, పొలాల్లో పురుగుమందు, మిల్లుల్లో నూలు పొడి గురించి కూడా నా మీద ఓట్లు పడ్డాయి. ఆ గాలి సభ్యులు సోమవారం ఉదయం పీల్చి వచ్చేది కాదు. పని చేసే మనిషి ఊపిరికి ఇక్కడ సొంతంగా బరువు రావడానికి చాలా కాలం పడుతుంది.

సెనేట్‌లో న్యూజెర్సీకి చెందిన ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ ఈ పని భుజానికెత్తుకున్నాడు. ఒకప్పుడు విపరీతంగా కాల్చి మానేసినవాడు. డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ సంతకంతో చట్టమైంది గానీ రెండేళ్ళ ప్రయోగం కిందే. 1988 ఏప్రిల్ 23న అమల్లోకి వచ్చింది. నార్త్‌వెస్ట్ సంస్థ ఒక అడుగు ముందుకేసి తన దేశీయ విమానాలన్నింటిలోనూ పొగ మాన్పించింది. దానికి టీవీ ప్రకటన చేసిపెట్టిన సాచి అండ్ సాచి ఏజెన్సీ నుంచి, సిగరెట్లూ బిస్కట్లూ రెండూ అమ్మే ఆర్‌జేఆర్ నబిస్కో తన కోట్ల డాలర్ల ప్రకటనల పని వెనక్కి తీసుకుంది. ఒక్క ప్రకటనకే అంత కోపం వచ్చిందంటే, ఇక్కడ ఓటేసినవాళ్ళ మీద ఎంత ఒత్తిడి వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ రెండేళ్ళలో బాత్రూములు తగలబడలేదు. ప్రయాణికులు తిరగబడలేదు, విమానాలు ఖాళీగా ఎగరలేదు. కంపెనీల వాదనకు అసలు దెబ్బ అదే. 1989లో విషయం మళ్ళీ మా ముందుకు వచ్చేసరికి ఆ పాత వాక్యాలు నా చుట్టూ అంత ధైర్యంగా వినిపించలేదు. పొగ తాగని వరుసల్లోనూ కొన్నిచోట్ల పొగ వరుసల్లో ఉన్నంత నికొటిన్ ఉంటోందని ఆ ఏడాదే ఒక వైద్య పత్రికలో పరిశోధన అచ్చయింది. సెనేట్‌లో పొగాకు రాష్ట్రాలవాళ్ళు చర్చ సాగదీసి అడ్డుకోవాలని చూసినా సాగలేదు. ఆరు గంటల్లోపు దేశీయ విమానాలన్నింటికీ నిషేధం శాశ్వతమై 1990 ఫిబ్రవరి 25 నుంచి అమలైంది. హవాయి, అలాస్కాలకు వెళ్ళే కొన్ని దూర ప్రయాణాలు తప్ప దాదాపు అన్నీ అందులోకి వచ్చినట్టే.

విదేశాల విమానాలకు ఇంకో పదేళ్ళు పట్టింది. అమెరికాకు వచ్చే, వెళ్ళే అన్ని ప్రయాణికుల విమానాలకూ 2000 జూన్‌లో నిషేధం వర్తించింది. చదువులకూ ఉద్యోగాలకూ తెలుగు పిల్లలు ఎక్కి వచ్చే విమానాలూ అందులో ఉన్నాయి. ఆ నిషేధం తెచ్చిన చట్టానికి వెండెల్ ఫోర్డ్ పేరు పెట్టారు. విమానయానానికి ఎంతో పని చేసిన సెనేటర్ ఆయన. కెంటకీవాడు, పొగాకు తరఫున చివరిదాకా గట్టిగా నిలబడ్డవాడు కూడా.

అప్పటికే కొందరికి ఆలస్యమైపోయింది. జీవితంలో సిగరెట్టు ముట్టని ఒక ఎయిర్ హోస్టెస్‌కు ముప్పై రెండేళ్ళకే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఆమె, తోటివాళ్ళు 1991లో మయామీలో సిగరెట్టు కంపెనీల మీద దావా వేశారు. అరవై వేలమంది సిబ్బంది తరఫున సాగిన ఆ దావా 1997లో రాజీ అయింది. 30 కోట్ల డాలర్లతో పరిశోధన నిధి ఏర్పడింది. ఆ డబ్బు పరిశోధనకే, రోగం తెచ్చుకున్నవాళ్ళ చేతికి కాదు. మరుసటి ఏడు రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం ప్రకారం టుబాకో ఇన్‌స్టిట్యూట్ మూతపడింది.

ఇక మా ఇంటి సంగతి. సభ లోపల పొగ తాగకూడదన్న నియమం పందొమ్మిదో శతాబ్దం నాటిదే. మా గోడకు అవతల స్పీకర్స్ లాబీ ఉంది. విలేకరులు సభ్యులను పలకరించేది అక్కడే. తలుపు దగ్గర నిలబడేవాళ్ళు, చీటీలు అందించే కుర్ర సిబ్బంది అప్పట్లో రోజంతా దాటిందీ అక్కడే. ఓటు మధ్యలో బయటికి వెళ్ళి కాల్చివచ్చేవాళ్ళ కోటు వాసనతో నాకు ఆ గది తెలుసు. విమానంలో పొగ మాన్పించిన సభ, తన గడప అవతల పనిచేసేవాళ్ళను 2007 దాకా అందులోనే ఉంచింది. ఆ జనవరిలో కొత్తగా స్పీకర్ అయిన నాన్సీ పెలోసీ ఆ గదిలోనూ పొగ నిషేధించింది. దానికి మా పెట్టెల అవసరమే రాలేదు. ఒక్క ఆదేశం సరిపోయింది.