నిలబడ్డప్పుడా, ఉరికేటప్పుడా?

మా రోజుల్లో బండి గరమైతాందని ఎవరన్నా వస్తే, ఉస్తాదు పానా పట్టకముందే ఒక మాట అడిగేవాడు. "ఎప్పుడు గరమైతాంది బిడ్డా? నిలబడ్డప్పుడా, ఉరికేటప్పుడా?" జవాబు వినేసరికి సగం లోపం తేలిపోయేది. ఇప్పుడు ఆ మాట అడిగే షెడ్డు వరంగల్‌లో నాకైతే కనబడటం లేదు. బండి లోపలికి పోవడమే ఆలస్యం, థర్మోస్టాట్ పీకి పారేస్తారు. కొత్త వాటర్ పంపు అంటారు, కరెంటు ఫ్యాను అంటారు, ఆఖరికి రేడియేటరే మార్చాలంటారు. వేలకు వేలు బిల్లు కట్టి బయటికొస్తే, బండి కాజీపేట దాటకముందే మళ్లీ ఆవిర్లు కక్కుతుంది.

నేను మాట్లాడేది పాత బండ్ల గురించి. అంబాసిడర్, పద్మిని, అన్నిటికన్నా ఎక్కువగా స్టాండర్డ్ హెరాల్డ్. స్పోర్ట్స్ కారు ముచ్చట ఉన్న మాలాంటి వాళ్లకు అందుబాటులో ఉన్నది హెరాల్డే. 1961 నుంచి దాన్ని మద్రాసులో తయారుచేశారు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ అదే హెరాల్డ్ చాసిస్‌ను కురచ చేసి, 1147 సీసీ ఇంజను పెట్టి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. రెండింటికీ రూపం గీసినవాడు ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి. అందుకే స్పిట్‌ఫైర్ ఏ కారణాలతో వేడెక్కుతుందో మన హెరాల్డూ ఆ కారణాలతోనే వేడెక్కుతుంది. బానెటు మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది, టైరు మీద కూర్చుని ఇంజను అంతా చూసుకోవచ్చు. ఇంత సౌకర్యంగా తెరుచుకునే బండిలో కూడా చూడకుండానే సామాన్లు మారుస్తున్నారంటే నాకు కోపం రాదా?

మా ఖిలా వరంగల్‌లో రోడ్డు కోట దర్వాజాల్లోంచే పోతుంది. శత్రువు సూటిగా దూసుకు రాకుండా కాకతీయులు రాతికోట దర్వాజాలను మలుపులు తిప్పి కట్టారు. అక్కడ ఎదురుగా ఒక ఆటో వచ్చిందా, మొదటి గేరులో పాకాల్సిందే. ఆదివారం తోరణాలు చూడటానికి వచ్చే జనంతో ఇంకా నెమ్మది. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, ఆపైన రాళ్ల సెగ. హెరాల్డ్‌కు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. దర్వాజా మలుపులో వేడి చూపే ముల్లు పైకి పోయి, బయట ఖాళీ సడక్ ఎక్కి గాలి తగలగానే కిందికి దిగిందంటే లోపల నీళ్లు బాగానే తిరుగుతున్నాయని అర్థం. గాలి చాలటం లేదు, అంతే. ఫ్యాన్ బెల్టు వదులైందా, ఫ్యాను రెక్కలు వంగాయా, రేడియేటర్ సందుల్లో చెత్త చేరిందా చూడాలి. ఈ ఊళ్లో ఆ చెత్త చాలాసార్లు దూదే. పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ దారిలో బండ్ల వెనక పోతే, దూది పోగులు రేడియేటర్ ముందు పొరలా పట్టేస్తాయి. ఇంజను వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టి కడిగితే పోతుంది. దీనికి కొత్త రేడియేటర్ ఎందుకు?

ఇక ఉరికేటప్పుడు వేడెక్కేది వేరే జాతి. హైదరాబాద్ పోతూ జనగామ దగ్గర ముల్లు ఎక్కి, వేగం తగ్గించగానే దిగితే, గాలి బోలెడంత ఉన్నా నీళ్లు చాలినంత పారటం లేదన్నమాట. రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉండవచ్చు. లేదా కింది హోస్ పైపు కావచ్చు. ఈ కింది పైపు మోసం చాలామందికి తెలియదు. వాటర్ పంపు నీళ్లను పీల్చుకునేది దాని గుండానే. పైపు మెత్తబడిందంటే, లోపలి స్ప్రింగు తుప్పుతో పోయిందంటే, ఇంజను జోరందుకున్నప్పుడు పైపు చప్పిడై నీళ్ల దారి మూసుకుంటుంది. షెడ్డులో మెల్లగా తిరుగుతున్నప్పుడు చూస్తే భేషుగ్గా ఉంటుంది. ఒకరు ఎక్సలేటర్ తొక్కుతుంటే ఇంకొకరు పైపును చూస్తూ నిలబడాలి. ఆ రెండు నిమిషాల ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు.

గొట్టాలు పూడాయో లేదో మా ఉస్తాదు చేత్తోనే చెప్పేవాడు. బండి బాగా వేడెక్కాక ఇంజను ఆపించి, రేడియేటర్ మీద అరచేయి ఆనించీ ఆనించనట్టు జరిపేవాడు. చుట్టూ కాలుతూ ఒకచోట చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకున్నట్టే. పై ట్యాంకు టంకం విప్పి, గొట్టాల్లో సన్నని ఊచ దింపి, మట్టి తోడి, మళ్లీ టంకం వేసేవారు. ఇప్పటి పిల్లలకు దూరం నుంచే వేడి కొలిచే గన్ను ఉంది. మంచి సాధనం, కాదనను. చేతులు కాలవు, అంకె కనబడుతుంది. అది గోడకు వేలాడుతుంటే బండి కింద కూర్చుని ఊహించడం ఎందుకో నాకు అర్థం కాదు.

అసలు ఆ మట్టి ఎక్కడిది? మన బోరు నీళ్లది. రాళ్లలోంచి వచ్చే నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. వేడికి అవి గొట్టాల లోపల పెచ్చు కడతాయి, ఇనుప బ్లాకు తుప్పు వాటికి తోడవుతుంది. మా పెద్దలు వాన నీళ్లు పట్టి సీసాల్లో దాచి రేడియేటర్‌లో పోసేవారు. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ ప్రతి దుకాణంలో దొరుకుతాయి. వరంగల్‌లో మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకని వాదిస్తారు. తుప్పు పట్టకుండా కాపాడేది అదే, నీళ్లు మరిగే స్థాయిని పెంచేదీ అదే.

థర్మోస్టాట్ విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. దాని మీద ఏ డిగ్రీల దగ్గర తెరుచుకోవాలో అచ్చు వేసి ఉంటుంది, చాలా వాటి మీద 82 అని. దారానికి కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాచండి. ఆ అంకె దగ్గర నోరు తెరిస్తే మంచిది, తెరవకపోతే కొత్తది వేయండి. పీకేసి ఖాళీగా వదిలితే చలికాలం ఇంజను వేడెక్కదు, సిలిండర్లు అరుగుతాయి, ఆయిల్ చెడుతుంది, పెట్రోలు తాగుతుంది.

రేడియేటర్ మూత దగ్గరా ఇదే నిర్లక్ష్యం. 7 పౌండ్ల మూత ఉంటే నీళ్లు 110 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిన మూతతో 100కే మరిగి పొంగుతాయి. పోనీ గట్టిది వేద్దామని కొత్త కార్ల 15 పౌండ్ల మూత బిగిస్తే, పాత రేడియేటర్ టంకం అతుకులు విడిపోతాయి. రెండూ చూశాను.

మొన్న ఎండాకాలం మా వాడకట్టు పిలగాడొకడు హెరాల్డ్ తోలుకొచ్చాడు. "తాతా, వేడి ముల్లు పైకి పోతాంది, హెడ్డు దించాలంటున్నరు" అన్నాడు. నీళ్లు తగ్గలేదు, ఆవిరి లేదు, ఆయిల్ పుల్ల మీద మీగడ రంగు లేదు. పొద్దున చల్లటి ఇంజను మూత తీసి స్టార్టు చేస్తే బుడగలూ రాలేదు. హెడ్ గ్యాస్కెట్ పోతే వీటిలో ఒక్కటైనా కనబడాలి. పెట్రోలు ముల్లు చూశాను. ట్యాంకులో సగమే ఉంటే అది నిండుగా చూపిస్తోంది. ఆ మీటర్ల పద్ధతిలో రెండు ముళ్లకూ కరెంటు ఒకే స్టెబిలైజర్ నుంచి వస్తుంది. దాని ఎర్తు చెడితే రెండూ కలిసి పైకి పోతాయి. డాష్‌బోర్డు వెనక తుప్పు పట్టిన ఒక్క మర గీకి బిగిస్తే సరిపోయింది. దానికి హెడ్డు దించబోయారు!

టైమింగ్ వెనకబడ్డా ఇంజను వేడెక్కుతుంది. మంట ఆలస్యంగా రగిలి, ఆ వేడి వాల్వులకూ నీళ్లకూ ఎక్కుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత కార్బురేటర్ జెట్లకు అది పలచన మిశ్రమం, పలచనైతే వేడి. జెట్లు చూసి మార్చేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఎండలో ఆపిన బండి మళ్లీ స్టార్టు కాకపోతే ఇంజను వేడికే పోయిందనుకుంటారు. చాలాసార్లు పెట్రోలు పంపులోనే ఆవిరైపోతుంది. పంపు మీద తడి గుడ్డ వేసి పావుగంట ఆగితే కదిలిపోయే బండిని లారీతో లాగించుకుని పోతున్నారు.

ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లకు నా మాట ఒకటే. మార్చి రాకముందే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి నీళ్ల రంగు చూడండి. ఎర్రగా ఉంటే రేడియేటర్‌తో పాటు బ్లాకు కుళాయి కూడా విప్పి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగించండి. షెడ్డుకు పోయేముందు బండి ఎక్కడ, ఎంత వేగంలో, ఎంతసేపటికి గరమైతాందో కాగితం మీద రాసుకుని పోండి. ఆ కాగితం చదవకుండా పానా పట్టేవాడి చేతికి తాళం ఇవ్వకండి.