నా కింద ఎంత జాగా

నేను పూండి జీపుని. మహీంద్రా ఎం.ఎం.540. నా నంబరు ఏపీ 30తో మొదలవుతుంది, శ్రీకాకుళం జిల్లా బండిని. ప్యూజో డీజిల్ ఇంజిను, నాలుగు చక్రాలకూ బలం అందించే గేరు, ముందూ వెనకా నాలుగు కమాను కట్టలు. మా వంశం విల్లీస్ జీపుది. 1940ల యుద్ధంలో పుట్టిన ఆ బండిని స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. దాని పోలిక ఒకటి నాలో అలాగే నిలిచిపోయింది. నా కమాను కట్టలు ఇరుసు కింద నుంచి పోతాయి. ఇరుసు వాటి మీద కూర్చుని ఉంటుంది. ఆ చిన్న సంగతి మీదే తర్వాత పెద్ద వాదన జరిగింది.

పూండి రైల్వే స్టేషన్ దాటి వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం వైపు పోతే ఉద్దానం. జీడి, కొబ్బరి, పనస. ఊళ్లకు తారు రోడ్డుంది గానీ తోటల్లోకి పోయేవి ఇసుక దారులే. రెండు గాడులు, మధ్యన గట్టు. ట్రాక్టర్లు తిరిగేకొద్దీ గాడులు లోతవుతాయి, గట్టు పైకి లేస్తుంది. ఆ గట్టుకి మొదట తగిలేది నా డిఫరెన్షియల్ హౌసింగు. ఇరుసు మధ్యలో, గుండ్రంగా, అన్నిటికంటే కిందికి వేలాడుతూ ఉంటుంది. నా బతుకంతా దాని ఎత్తు మీదే ఆధారపడి ఉందని నాకు తెలిసింది 2018 అక్టోబరులో.

ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. నన్ను పశువుల సాలలో గోడకి ఆనించి పెట్టారు కాబట్టి బతికాను. తెల్లారి చూస్తే తోట లేదు. మా ఆసామి తాత నాటిన కొబ్బరి చెట్లు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. జీడి చెట్లయితే వేళ్లతో సహా తిరగబడ్డాయి. ఆసామి తల్లికి అప్పటికే రెండేళ్లుగా డయాలసిస్. ఉద్దానం కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఈనాటికీ ఇదీ అని తేల్చలేదు, చాలా ఇళ్లలో మాత్రం ఎవరో ఒకరు ఆ మంచం పట్టారు. ఎల్లుండికల్లా ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉండాలి.

ఆ మూడో రోజు ఉదయం బయల్దేరాం. ఆసామి టైర్లలో గాలి 30 నుంచి 18కి దించాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఇసుకలో బండిని ఆదుకునేది ముందు ఇదే, ఎత్తు కాదు. లో గేరులో మూడు మానులు లాగి పక్కకి తీశాను. నాలుగోది ఇసుకలో సగం పూడి ఉంది. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు ఎక్కేలోపు హౌసింగు వచ్చి మాను మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి, ఇసుక ఎగురుతోంది, నేను కదలడం లేదు. జాకీ కింద పెట్టడానికి గట్టి నేల లేదు. ఒక చెక్క వెతికి, దాని మీద జాకీ పెట్టి, రంపంతో మానుని రెండు తుండ్లు చేసేసరికి గంట పైనే పట్టింది. ఆ గంటా పెద్దావిడ నా వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. కాళ్లు వాచి, చెప్పులు పట్టక, పక్కన పెట్టుకుంది. నా ఇంజినులో బలానికి కొదవ లేదు. అడుగున రెండు వేళ్ల జాగా చాలక ఆవిడని ఎండలో కూర్చోబెట్టాను.

ఆ సంక్రాంతికి ఆసామి మనవడు విశాఖ నుంచి వచ్చాడు. ఆ రోజు సంగతి విని, నన్ను లేపించాలని పట్టుబట్టాడు. కాశీబుగ్గలో మా మేస్త్రి దగ్గరకు తీసుకుపోయారు.

"బాడీకీ ఛాసికీ మధ్యన మూడంగుళాల దిమ్మలు పెట్టించేద్దాం తాతా, పెద్ద టైర్లు పడతాయి," అన్నాడు కుర్రాడు.

మేస్త్రి మాట్లాడకుండా టేపు తీసుకుని నా కింద దూరాడు. కాసేపటికి పిలిచాడు. "బాబూ, ఒకపాలి కిందకి రా. ఇదీ నేలకి దగ్గరున్న సోటు. నువ్వు దిమ్మలెడితే ఇది లేస్తాదా?"

లేవదు. బాడీ లిఫ్టులో లేచేది బాడీ ఒక్కటే. ఛాసి, గేరుబాక్సు, ఇరుసు ఎక్కడున్నవి అక్కడే. టైరుకి మడ్‌గార్డు తగలకుండా జాగా వస్తుంది, ఖర్చు తక్కువ, అంతవరకు నిజం. కానీ స్టీరింగు రాడ్డు చాలదు, గేరు రాడ్లు కిందికి పోతాయి, డీజిలు పోసే గొట్టం సాగుతుంది, రేడియేటరు బాడీతో లేస్తే ఫ్యాను ఇంజినుతో కిందే ఉండిపోతుంది. బాడీ బోల్టులు పొడుగైనకొద్దీ వాటి మీద పడే ఒత్తిడీ ఎక్కువే. బయటి నుంచి చూసినవాళ్లకి నేను పెద్ద బండినైపోతాను. నాలుగో మాను మీద మాత్రం మళ్లీ అక్కడే కూర్చుంటాను.

"అయితే కమాను కట్టలు ఇరుసు పైకి మార్చేద్దాం," అన్నాడు. నేను మొదట చెప్పిన సంగతి ఇదే. కట్టని ఇరుసు పైకి ఎక్కిస్తే ఛాసి ఒక్కసారిగా అయిదంగుళాలు లేస్తుంది. రాళ్ల పోటీల్లో తిరిగే జీపులకి అది చేస్తారు, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలు పెరిగి క్రాసులు కొట్టుకుంటాయి. బ్రేకు గొట్టాలు పొడుగువి వేయాలి. స్టీరింగు లింకు కోణం సరిచేయకపోతే గొయ్యి వచ్చినప్పుడల్లా బండి తనంతట తానే పక్కకి లాగుతుంది. అలా లేపి అలాగే వదిలేసిన జీపొకటి అదే షెడ్డులో మూల పడి ఉంది. ముందు చక్రం వంకరపోయి ఉంది. దాన్ని చూసి నాకు భయమేసింది.

పైగా చట్టం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరుని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఆ జనవరిలోనే సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆసామి ముందు ఆ సంగతి కనుక్కోమన్నాడు.

అప్పుడు మేస్త్రి నా కమాను కట్టని వేలితో తట్టి చూపించాడు. ఏళ్ల తరబడి కొబ్బరికాయల లోడు మోసి, ఉప్పు గాలికి పట్టీల మధ్య తుప్పు పొరలు పట్టి, వంపు చచ్చిపోయి, కట్ట దాదాపు బల్లపరుపుగా ఉంది. "కొత్త ఎత్తు తరవాత. ముందు పోయిన ఎత్తు తెచ్చుకోండి," అన్నాడు. కంపెనీ నన్ను పంపిన నాటి ఎత్తుకి నేను అంగుళమున్నర తక్కువ ఉన్నానట! నాకే తెలియలేదు. కొందరు పొడుగు షాకిళ్లు వేసి సరిపెడతారు. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే, కట్ట ఊగుడు మాత్రం పెరుగుతుంది. మాకు అదీ వద్దన్నాడు.

మరి హౌసింగు? దాన్ని లేపేది టైరు ఒక్కటే. కమాను ఛాసిని లేపుతుంది, ఇరుసుని కాదు. టైరు ఎత్తు ఎంత పెరిగితే అందులో సగం ఇరుసుకి దక్కుతుంది. నా 6.00-16 టైర్ల బదులు 7.00-16 వేస్తే ఇరుసు సుమారు ఒక అంగుళం లేస్తుంది. అంతకంటే పెద్దవి వేస్తే బ్రేకుకి బరువు, గేరుకి బరువు, స్పీడోమీటరు తప్పు చెబుతుంది. కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఒక్క అంగుళమా అని. నా మట్టుకు నాకు ఆ అంగుళం చాలా పెద్దది. నాలుగో మాను మీద నాకు కావలసింది రెండు వేళ్లే.

ఆసామి అంతకుమించి చివరిదాకా ఏమీ అనలేదు. లేచి నా వెనక తలుపు దగ్గర నిలబడి, తన మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "మాయమ్మ ఎక్కాలి కదరా," అన్నాడు. మనవడు మరి మాట్లాడలేదు.

కొత్త కట్టలు, కొత్త బుష్షులు, షాకబ్జర్లు వేశారు. రవాణా కార్యాలయంలో అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే టైర్లు మార్చారు. మనవడు దగ్గరుండి వెనక ఒక ఇనుప మెట్టు వెల్డింగ్ చేయించాడు. దాని మీద జారకుండా పాత టైరు ముక్క కోసి బిగించాడు.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు, హిరమండలం నీళ్లు పైపుల్లో ఉద్దానానికి వచ్చాయి. పెద్దావిడ వాటిని చూసింది. ఇప్పటికీ వారానికి రెండుసార్లు తెల్లవారుజామున నేను చల్లటి ఇంజినుతో నిలబడి ఉంటాను. ఆవిడ ముందు చెప్పులు లోపల పెడుతుంది. తర్వాత కుడి కాలు ఆ టైరు ముక్క మీద పెట్టి, కాస్త ఆగి, ఊపిరి తీసుకుంటుంది. కొత్త కమాను కట్ట ఆవిడ బరువుకి ఒక్క రవ్వ కిందికి దిగుతుంది. అప్పుడు రెండో కాలు పైకి తీసుకుంటుంది.