పట్టా చూస్తారు, పనితనం చూడరు

మా రోజుల్లో పేటెంటు ఏజెంటు అవుతానని కుర్రాడెవడైనా వస్తే ముందు ఏం చదివావని అడిగేవాళ్ళు, ఆ వెంటనే ఏం చూశావని అడిగేవాళ్ళు. ఇప్పుడు మొదటి ప్రశ్నే మిగిలింది. దానికి జవాబు కూడా మార్కుల జాబితాలో గంటలు లెక్కగట్టి చెప్పాలి.

నేనుంటున్న ఐర్లండులో ఈ వృత్తికి పెద్ద గుమ్మం మ్యూనిక్‌లో ఉంది. యూరోపియన్ పేటెంటు ఆఫీసు పెట్టే పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షకి కనీసం మూడేళ్ళ సైన్సు డిగ్రీయో ఇంజినీరింగు డిగ్రీయో కావాలి. చదివిన గంటల్లో 80 శాతం సాంకేతిక విషయాలవే అయ్యుండాలి. ఆపైన ఒక ఏజెంటు దగ్గర మూడేళ్ళు శిక్షణ. ఈ నిబంధనలతో నాకు పేచీ లేదు. రసాయన శాస్త్రం రానివాడు మందుల పేటెంటు రాయకూడదు. నా గొడవంతా శిక్షణ పేరుతో గడిచే ఆ మూడేళ్ళలో ఏం నేర్పుతున్నారన్నదే.

నేను డబ్లిన్ వచ్చేనాటికి పేటెంట్స్ ఆఫీసు ఇంకా ఊళ్ళోనే, మెరియన్ స్క్వేర్‌లో ఉండేది. 1998లో దాన్ని కిల్కెనీకి తరలించారు, 2019లో పేరు కూడా మార్చారు. నాకు ఇక్కడి పని నేర్పిన పెద్దాయన మ్యూనిక్ పరీక్ష రాసినవాడు కాదు. 1992 ఆగస్టు 1న ఐర్లండు యూరోపియన్ పేటెంటు ఒప్పందంలో చేరినప్పుడు, అప్పటికే ఇక్కడ ఏజెంట్లుగా పనిచేస్తున్నవాళ్ళు ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకుంటే పరీక్ష లేకుండానే యూరప్ ఏజెంట్ల జాబితాలోకి ఎక్కే వీలుండేది. ఆయన అలా ఎక్కినవాడే. ఆయన చేతికింద పనిచేసినవాళ్ళు మాత్రం యంత్రం దగ్గర నిలబడకుండా ఒక్క వాక్యం రాయడానికి లేదు. బొమ్మ గీసుకెళ్తే, "ఇది తిరగడం నువ్వు కళ్ళారా చూశావా?" అని అడిగేవాడు. చూడలేదంటే కాగితం వెనక్కొచ్చేది.

ఆ అలవాటు నాకు హైదరాబాదులోనే అయింది. 1980ల్లో జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ పని వచ్చింది. 2005 జనవరి 1 దాకా మన చట్టం మందుకి పేటెంటు ఇచ్చేది కాదు, తయారుచేసే పద్ధతికే ఇచ్చేది. కాబట్టి పద్ధతి ఎంత విడమరిచి రాస్తే అంత విలువ. అక్కడి కెమిస్టు, డాక్టరేటు ఉన్నాయన, రెండు పేజీలు రాసిచ్చాడు. కరిగించాలి, వేడిచేయాలి, చల్లార్చాలి, వడగట్టాలి. మా సీనియరు అది చదివి, "రాత్రి బ్యాచ్‌కి వెళ్ళి చూసి రా" అన్నాడు. వెళ్ళాను. రియాక్టరు జాకెట్‌లోకి చల్లనీళ్ళు వదిలే వాల్వు దగ్గర ఆపరేటరు నిలబడి ఉన్నాడు. కాస్త తిప్పడం, ఆగడం, థర్మామీటరు చూడటం, మళ్ళీ కాస్త తిప్పడం. ఎందుకంత నిదానమని అడిగితే, "తొందరపడితే మెత్తగా ముద్దయిపోద్ది సార్, ఫిల్టరు గుడ్డలోంచి దిగదు. మెల్లగా చల్లారిస్తే పంచదార పలుకుల్లా వస్తది" అన్నాడు. పదో తరగతి చదివిన మనిషి. గంటకి ఎన్ని డిగ్రీలు తగ్గించాలో అతని చేతికి తెలుసు. కెమిస్టు కాగితంలో ఉన్నది "చల్లార్చాలి" అన్న ఒక్క మాట. ఆ నిదానమే చివరికి మా దరఖాస్తులో మొదటి క్లెయిము (హక్కు కోరే అంశం) అయింది.

ఇప్పటి ట్రైనీలకి ఆ వాల్వు ఎవరు చూపిస్తున్నారు? ఐర్లండులో మందుల ఫ్యాక్టరీలకి కరువా? కార్క్ దగ్గర రింగాస్కిడ్డీలో వరసగా ఉన్నాయి. డబ్లిన్ నుంచి మూడు గంటల దారి. అయినా పిల్లలు మూడేళ్ళూ తెర ముందే గడిపేస్తున్నారు. ఆవిష్కర్తతో మాట్లాడేది అరగంట వీడియో కాల్‌లో. 2021 నుంచి పరీక్ష కూడా కంప్యూటర్లోనే. బయోటెక్నాలజీ వైపైతే పీహెచ్‌డీ ఉంటే మంచిదని ఉద్యోగ ప్రకటనల్లో వేస్తున్నారు. ఫ్యాక్టరీలో ఆరు నెలలు చేసినవాళ్ళు కావాలని వేసిన ప్రకటన ఒక్కటైనా నా కంటపడలేదు.

మన దేశంలోనూ అన్నీ సవ్యంగా ఉండేవని అనను. పేటెంటు చట్టానికి 2005లో చేసిన సవరణ దాకా వకీలైతే పేటెంటు పరీక్ష రాయకుండానే ఏజెంటుగా నమోదయ్యేవాడు. వకీళ్ళ విషయంలో ఆ సవరణ చెల్లదని 2013లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చింది కానీ, నా మటుకు నాకు పరీక్ష ఉండటమే న్యాయమనిపిస్తుంది. అన్యాయం మరోచోట ఉంది. భారత ఏజెంటు కావాలంటే భారత పౌరుడై ఉండాలని చట్టం. హైదరాబాదులో బీటెక్ చేసి, ఇక్కడ పాస్‌పోర్టు తీసుకున్న మన పిల్లకి రెండు దేశాల పనీ తెలిసినా అక్కడి తలుపు మూసుకున్నట్టే. ఆ పిల్ల చదువు మారలేదు, తెలివి తగ్గలేదు. మరి ఏ లోటు చూసి తోసేస్తున్నారు?

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ట్రైనీగా చేరాడు, యూరోపియన్ పరీక్షలో కొత్తగా పెట్టిన మొదటి పేపరు పాసయ్యాడు. "మామయ్యా, ఈలోగా పార్ట్‌టైములో పీహెచ్‌డీకి చేరమంటావా?" అన్నాడు. "వద్దురా. వచ్చే నెల సెలవు పెట్టుకో. కార్క్‌లో నాకు తెలిసిన ప్రొడక్షన్ మేనేజరు ఉన్నాడు, మాట్లాడతాను. రెండు వారాలు నైట్ షిఫ్టులో నిలబడు, ఎవరికీ అడ్డం రాకు, ఆపరేటరు చేతులు చూడు" అన్నాను. వాళ్ళ ఆఫీసులో సెలవివ్వరేమో అంటున్నాడు. ఆ ఆఫీసు పెద్దతో కూడా నేనే మాట్లాడతానన్నాను.