రాత్రి పదకొండింటికి స్లాబ్ వేసుకోవడం ఎలా?

ఇల్లు కట్టేవాడికి పగలు చాలదు. ఈ సంగతి ఇరుగుపొరుగుకి ఎంత చెప్పినా తలకెక్కదు. అందుకే, రాత్రిపూట మిల్లర్ తిప్పుకోవడానికి, వైబ్రేటర్ పెట్టుకోవడానికి, సెల్లార్‌లో బండ పగలగొట్టుకోవడానికి మునిసిపాలిటీ అనుమతి ఎలా తెచ్చుకోవాలని హైదరాబాద్‌లో స్థలం కొన్నవాళ్లు తరచూ అడుగుతుంటారు. వాళ్లందరికీ నా మొదటి సలహా: ఆఫీసుకి మాత్రం వెళ్లకండి.

వెళ్తే ఏమవుతుందంటే, టౌన్ ప్లానింగ్ వాళ్లు మీ ప్లాన్ తిరగేసి, సెట్‌బ్యాక్ ఎంత వదిలారో, ఎన్ని అంతస్తులు లేపుతున్నారో చూస్తారు. చప్పుడు సంగతి మాది కాదు, పోలీసులనడగండి అంటారు. స్టేషన్‌లో కాలుష్య నియంత్రణ మండలిని అడగమంటారు. సనత్‌నగర్ దాకా పోతే అక్కడ 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు తీసి ముందు పెడతారు. నివాస ప్రాంతాల్లోనూ నిశ్శబ్ద మండలాల్లోనూ రాత్రివేళ చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదని 2010లో అందులో ఒక నిబంధన చేర్చారు. రాత్రి అంటే 10 నుంచి 6 దాకా. ఫలానా అధికారి ఒప్పుకుంటే వాడుకోవచ్చు అన్న వెసులుబాటు ఏమైనా ఉందా అని వెతక్కండి. లేదు. ఇవ్వడానికి వీల్లేని దాన్ని అడిగి అధికారులను ఇరకాటంలో పెట్టడం పెద్దమనుషుల లక్షణం కాదు.

న్యూయార్క్‌లో ఉన్న మీ బావమరిది, ‘ఇక్కడ ఉదయం 7కి ముందు, సాయంత్రం 6 తర్వాత పని చేయాలంటే విడిగా పర్మిట్ తీసుకోవాలి బావా’ అని జాలిపడతాడు. పడనివ్వండి. పాపం వాళ్లకు ఆ పర్మిట్ ఉంది కాబట్టి, అది లేనివాడు దొరికిపోతాడు.

అయితే చేతిలో ఒక కాగితమంటూ ఉండాలి. మీ స్థలం 75 గజాల లోపుదైతే రూపాయి కట్టి నమోదు చేసుకున్న రసీదు ఉంటుంది. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడు వచ్చిన అనుమతి పత్రం ఉంటుంది. దాన్ని లామినేషన్ చేయించి గేటుకి వైరుతో కట్టండి. అందులో రాత్రి శబ్దం గురించి ఏమీ ఉండదు. కానీ ప్రభుత్వ ముద్ర ఉంటుంది, క్యూఆర్ కోడ్ ఉంటుంది. లుంగీ మీద, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి భార్య చెప్పు వేసుకుని పదకొండింటికి దిగొచ్చిన మనిషి సెల్‌ఫోన్ టార్చి వెలుగులో చదివేది మొదటి రెండు పంక్తులే.

ఆయన ఇంకా నిలబడే ఉంటే, ‘ఏసీపీ గారితో మాట్లాడాం సార్’ అనండి. ఇది అబద్ధం కాదు. మునిసిపాలిటీలో అసిస్టెంట్ సిటీ ప్లానర్ కూడా ఏసీపీయే. పోలీసు ఏసీపీ అయితే ఈ నిబంధనల కింద చర్య తీసుకోగల హోదా ఉన్న మనిషి. మీరు మాట్లాడింది మొదటాయనతో, అదీ పార్కింగ్ గురించి. ఏ ఏసీపీ అని ఎదురింటాయన అడగడు. అడిగితే, ఆయన రిటైరైన ప్రభుత్వోద్యోగి అయి ఉంటాడు. అలాంటివాళ్ల పక్కన స్థలం కొనకుండా ఉండాల్సింది.

ఇప్పుడు అసలు కిటుకు. అనుమతి ఆఫీసులో దొరకదు, కాంక్రీట్ ఇస్తుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ 5 అంగుళాల మందాన వేస్తే దూలాలు కాకుండా దాదాపు 12 ఘనపు మీటర్ల మాల్ పడుతుంది. అంటే రెడీమిక్స్ బండ్లు రెండో మూడో. పొద్దున్న 7కి టెంకాయ కొట్టి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి మేస్త్రి చేతులు కడుక్కుంటాడు. ఇలా చేసేవాళ్లున్నారు. వాళ్లకి చీకట్లో పని చేయించడంలోని సుఖం తెలియదు.

మీరు సాయంత్రం 6కి మొదలుపెట్టండి. పంపు వాడు పైపులు బిగించేసరికి ఏడున్నర. మొదటి బండి గల్లీ మలుపులో ఇరుక్కుని బయటపడేసరికి ఎనిమిదిన్నర. కరెంటు తీగ ఎత్తడానికి కర్ర పట్టుకునేవాడు టీకి పోయి తొమ్మిదింటికి వస్తాడు. పది కొట్టేసరికి స్లాబ్ సగంలో ఉంటుంది. ఇక ఆపమనే ధైర్యం ఎవరికుంది? సగంలో ఆపితే కోల్డ్ జాయింట్ పడుతుంది, వానాకాలం అక్కడే కారుతుంది. బండిలో తిరుగుతున్న మాల్‌ని నీళ్లు కలిపిన రెండు గంటల్లోపు దించాలని ప్రమాణం కూడా ఉంది. ‘మేమేం చేస్తాం సార్, సిమెంటు ఆగదు కదా’ అని మేస్త్రి చేత అనిపించండి. మీకంటే ఆయన గొంతులో బాధ బాగా పలుకుతుంది. అవసరమైతే పనిని ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించి అక్కడ జాయింట్ వదలొచ్చని ఇంజనీర్లకి తెలుసు. అందుకే ఆ రాత్రి ఇంజనీరుని సైట్‌కి పిలవకూడదు.

మీకు ఒక సాకు నిజంగానే ఉంది. పగటిపూట పెద్ద లారీలను ట్రాఫిక్ పోలీసులు సిటీలో తిరగనివ్వరు. ఇసుక, కంకర, ఇనుము చీకటి పడ్డాకే దిగాలి. పగలు తేవద్దని ఒక పోలీసు, రాత్రి దించొద్దని ఇంకో పోలీసు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు నా సానుభూతి ఉంది. అయినా దీన్ని మొదటే వాడేయకండి. వెనక డాలా తెరిచి టిప్పర్ కంకర గుమ్మరించినప్పుడు వీధి మొత్తం లేచి కూర్చుంటుంది చూడండి, అప్పటికి దాచుకోండి.

పొరుగువాళ్లకి ముందే చెప్పి, ఫలానా రోజు ఫలానా గంట దాకా అని చీటీ పంచి, పసిపిల్లలున్న ఇళ్లనీ జబ్బుమనుషులున్న ఇళ్లనీ కలిసి రావడం కొందరు చేస్తారు. చేస్తే గంట నిలబెట్టుకోవాల్సి వస్తుంది. దానికంటే, ‘అన్నా, పాపకి రేపు ఎంసెట్’ అని ఎవరైనా గేటు దగ్గరికి వస్తే, ‘అయిపోయింది అన్నా, ఇంకొక్క బండే’ అనడం తేలిక. ఈ మాట పదింటికి అనొచ్చు, పదకొండున్నరకి అనొచ్చు, రెండింటికీ అనొచ్చు. ఎప్పుడన్నా ఇంకొక్క బండే ఉంటుంది.

100కి ఫోన్ వెళ్లి పెట్రోలింగ్ కారు వస్తే వైబ్రేటర్ ఆపించి టీ తెప్పించండి. కారు మలుపు తిరిగాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆ మధ్యలో పోసిన మాల్ సరిగ్గా కూరుకోక సెంట్రింగ్ విప్పినప్పుడు దూలం అడుగున తేనెపట్టులా బొక్కలు తేలి, లోపలి కడ్డీ కనపడుతుంది. ప్లాస్టరింగ్ చేయించేయండి. కనపడదు.

చదువుకున్న పొరుగువాడు డెసిబెల్స్ తెస్తాడు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. దానిమీద 10 పెరిగితేనే ఫిర్యాదు చేయాలని మీరు వాదించండి. 10 పెరగడమంటే శబ్దశక్తి పదింతలు కావడమని అతను అంటాడు. పట్టించుకోకండి. అదే నిబంధనలో, రాత్రివేళ ఆంక్షలను మీరితే కొలతతో పని లేకుండానే ఫిర్యాదు చేయొచ్చని కూడా ఉంది. ఆ సగం మీరు చదవలేదు.

పండగల్లో ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. స్లాబ్ రోజు టెంకాయ కొడతాం, కూలీలకి మటన్ పెడతాం, కాబట్టి ఇదీ సాంస్కృతిక సందర్భమేనని ఒక ఆసామి నాతో గట్టిగా వాదించాడు. ఆ సడలింపు మైకులకే, మిల్లర్లకి కాదు. అలాగైతే మిల్లర్ పక్కన ఒక మైకు పెడతానన్నాడు. ఆలోచన ఉన్న మనిషి.

చివరగా ఖర్చు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒకప్పుడు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో చట్టం మార్చి, 2024 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. అంటే ఇప్పుడిది ఎస్టిమేట్‌లో రాసుకోదగిన పద్దు. ఇసుక, సిమెంటు, సెంట్రింగ్ కింద ‘శబ్దం’ అని ఒక వరస గీయించండి. ఎంత వేయమంటారు సార్ అని ఇంజనీరు అడిగితే, 10 వేలే వేయమనండి.